‘ఆర్థిక సామర్థ్యం మేరకు’: మూడు మాటల్లో జారిపోయిన హక్కు

(జీఎస్-2, సామాజిక న్యాయం. ఎస్సే పేపర్‌కీ, ఎథిక్స్ పేపర్‌కీ కూడా పనికొస్తుంది.)

జీఎస్-2 సిలబస్‌లో ఒక వాక్యం ఉంది. బలహీన వర్గాల కోసం కేంద్రం, రాష్ట్రాలు పెట్టిన సంక్షేమ పథకాలు, ఆ పథకాల పనితీరు, ఆ వర్గాల రక్షణ కోసం ఏర్పడిన చట్టాలు, సంస్థలు. మనందరం ఇందులో పథకాలు, చట్టాలు, సంస్థలు అన్న మాటల దగ్గర ఆగి నోట్స్ రాసుకుంటాం. ‘పనితీరు’ అన్న మాటని దాటేస్తాం.

దివ్యాంగుల టాపిక్‌లో నా నోట్స్ కూడా అలాగే ఉండేవి. 1995 చట్టంలో 7 వైకల్యాలు, 2016 చట్టంలో 21. ఉద్యోగాల్లో రిజర్వేషన్ 3 శాతం నుంచి 4 శాతం. ఉన్నత విద్యలో 5 శాతం. ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని మన దేశం 2007 అక్టోబరు 1న ఆమోదించింది. చివర్లో ‘దయ నుంచి హక్కుల దాకా’ అని ఒక అందమైన ముగింపు. పది మార్కుల ప్రశ్నకి సరిపోతుంది.

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ ఒక ప్రశ్న అడిగింది. ఆ నోట్స్‌లో దానికి జవాబు దొరకలేదు.

మా అన్నయ్యకి 34 ఏళ్ళు. మేధో వైకల్యం. సర్టిఫికెట్‌లో 75 శాతం అని ఉంటుంది. స్నానం తనే చేస్తాడు, కానీ నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో ఎవరో ఒకరు చూసివ్వాలి. పక్క వీధి కొట్టుకి వెళ్ళి పాల ప్యాకెట్ తెస్తాడు, చిల్లర లెక్క మాత్రం తెలియదు. జ్వరమొస్తే ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పలేడు. నాన్న దర్జీ. అమ్మ జిన్నింగ్ మిల్లులో పనికి వెళ్ళేది. అన్నయ్యకి నాలుగో ఏడు వచ్చాక మానేసింది, మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పుడామెకి 58. మోకాళ్ళు పట్టేశాయి. ఆ రోజు పొయ్యి దగ్గర అట్లు పోస్తూ, నా వైపు చూడకుండానే అడిగింది.

“కలెక్టరు పరీక్షకి చదువుతున్నావు గదే. నేను పోయాక వీణ్ణి ఎవరు చూడాలని రాసుంది మీ పుస్తకాల్లో?”

“నేను చూస్తాలేమ్మా” అన్నాను.

“నీ అత్తగారు ఒప్పుకోవాలి గదా” అంది.

అశోక్‌నగర్ గదికి తిరిగొచ్చి నోట్స్ మళ్ళీ తీశాను. ఈసారి చట్టాలని అమ్మ ప్రశ్న పక్కన పెట్టుకుని చదివాను. అలా చదివితే తేలిన విషయం ఒక్కటే: మన రాజ్యం వైకల్యం ఉన్న మనిషికి హక్కులు రాసిచ్చి, ఆ హక్కుల బరువంతా తల్లి నెత్తిన పెట్టి పక్కకి తప్పుకుంది. ఆమెకి జీతం లేదు, సెలవు లేదు, ఆమె తర్వాత ఎవరన్న ఏర్పాటూ లేదు. ఈ వ్యాసం దాని గురించే.

ముందు ఒక మాట

బ్రిటన్‌లో ‘లెర్నింగ్ డిజెబిలిటీ’ అంటే మనం మేధో వైకల్యం అనేదే. మన 2016 చట్టంలో అలా కాదు. డిస్లెక్సియా లాంటివి ‘నిర్దిష్ట అభ్యసన వైకల్యం’ కిందకి వస్తాయి. వయసుకి తగ్గ ఆలోచనలో, రోజువారీ పనుల్లో గణనీయమైన పరిమితి ఉంటే అది ‘మేధో వైకల్యం’. ప్రిలిమ్స్‌లో ఈ తేడా అడిగే అవకాశం ఉంది. బతుకులో ఈ తేడా ఇంకా పెద్దది. ఉద్యోగాల్లో 4 శాతం కోటాని 34వ సెక్షన్ ఎలా పంచిందో చూడండి. చూపు, వినికిడి, శారీరక వైకల్యాలకి ఒక్కో శాతం. మిగిలిన ఒక్క శాతంలో ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు అన్నీ కలిపి పెట్టారు. డిగ్రీ చదివిన డిస్లెక్సియా అభ్యర్థీ, చిల్లర లెక్క తెలియని మా అన్నయ్యా ఒకే పెట్టెలో పోటీదారులు. అభ్యసన వైకల్యం ఉన్నవారికి ఆ అవకాశం న్యాయమైనదే, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ ఒక్క శాతాన్ని చూపించి మేధో వైకల్యం ఉన్నవారికి ఉపాధి ఇచ్చేశామని చెప్పుకోవడం పరీక్ష జవాబుకి బాగుంటుంది గానీ నిజానికి నిలవదు.

పేరు మారింది, మూడు వందలు మారలేదు

2015 డిసెంబరులో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో ‘దివ్యాంగ్’ అన్న మాట సూచించారు. ఆ తర్వాత శాఖ పేర్లు, బోర్డులు, ఫారాలు మారాయి. సికింద్రాబాద్‌లో 1984లో పుట్టిన జాతీయ సంస్థ పేరులోంచి ‘మెంటల్లీ హ్యాండిక్యాప్డ్’ పోయి ‘మేధో వైకల్యం ఉన్నవారి సాధికారత’ వచ్చింది. పేర్లు మారడం మంచిదే. మా అన్నయ్యని వీధిలో పిలిచిన పేర్లు నాకు తెలుసు, కాబట్టి మాటకి విలువ లేదని నేను అనను.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇందిరాగాంధీ జాతీయ వికలాంగ పింఛను పథకం 2009లో మొదలైంది. అప్పుడు కేంద్రం వాటా నెలకి 200 రూపాయలు. 2012లో 300 చేశారు. అప్పటి నుంచి 79 ఏళ్ళ లోపు వారికి అదే 300. రోజుకి పది రూపాయలు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదే.

2016 చట్టం 24వ సెక్షన్‌లో ఒక నిబంధన ఉంది. ఇతరులకి ఇచ్చే అలాంటి పథకాల కంటే దివ్యాంగులకి ఇచ్చే సాయం కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలి. అదే జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం కింద వితంతు పింఛనులో కేంద్రం వాటా 300. దానికి 25 శాతం కలిపితే 375 కావాలి. దివ్యాంగ పింఛను మాత్రం 300 దగ్గరే నిలబడి ఉంది. ఈ లెక్కకి సంకలనం వస్తే చాలు.

75కీ 80కీ మధ్య పడిపోయినవాళ్ళు

ఆ 300 కూడా అందరికీ రాదు. దారిద్ర్యరేఖకి దిగువన ఉండాలి, 18 ఏళ్ళు దాటాలి, వైకల్యం 80 శాతం ఉండాలి. ఇప్పుడు మేధో వైకల్యానికి శాతాలు ఎలా వేస్తారో చూడండి. 2018 మార్గదర్శకాల ప్రకారం స్వల్ప స్థాయికి 50 శాతం, మధ్యస్థ స్థాయికి 75, తీవ్రమైతే 90, అతి తీవ్రమైతే 100. అంటే మధ్యస్థ స్థాయి మేధో వైకల్యం ఉన్న ఏ ఒక్కరికీ ఆ ఒక్క కారణం మీద కేంద్ర పింఛను రాదు. వచ్చే దారే లేదు. 75 తర్వాత పట్టికలో ఉన్న అంకె 90. మధ్యలో 80 అనే గీత గీశారు.

మధ్యస్థం అన్న మాట వింటే తేలికగా అనిపిస్తుంది. మధ్యస్థం అంటే 34 ఏళ్ళ మనిషిని ఇంట్లో ఒంటరిగా వదిలి పక్క ఊరి పెళ్ళికి వెళ్ళలేకపోవడం. అమ్మ మా మేనమామ కూతురి పెళ్ళికి వెళ్ళలేదు.

ఇక్కడ రాష్ట్రాలని మెచ్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగ పింఛను 3,000 నుంచి 6,000 అయింది. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో 2023లో 3,016 నుంచి 4,016కి పెరిగింది. ఒకటో తారీఖున మా ఇంటికి ఆ 6,000 వస్తుంది, అన్నయ్య మందులూ బియ్యమూ అందులోంచే వస్తాయి. కానీ ఇదంతా ఏ రాష్ట్రంలో పుట్టాం, ఏ ఏడాది ఎన్నికలున్నాయి అన్నదాని మీద ఆధారపడింది. 2025లో పునఃపరిశీలన మొదలవగానే నోటీసు అందుకున్న కుటుంబాలు, పుట్టుకతో వచ్చిన వైకల్యాన్ని మళ్ళీ రుజువు చేసుకోవడానికి ఆసుపత్రుల చుట్టూ తిరిగాయి. దొంగ సర్టిఫికెట్లు ఏరెయ్యాల్సిందే. అయితే మేధో వైకల్యం జ్వరం కాదు, వచ్చే ఏడాదికి తగ్గిపోవడానికి. ఒకసారి సరిగ్గా నిర్ధారించాక ఆ మనిషిని మళ్ళీ వరుసలో నిలబెట్టే పద్ధతిలోనే తప్పుంది.

అసలు సర్టిఫికెట్ ఉన్నవారే తక్కువ. 2018లో జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ రౌండ్ ప్రకారం దేశంలో దివ్యాంగుల్లో 28.8 శాతం మంది దగ్గరే సర్టిఫికెట్ ఉంది. పదిమందిలో ఏడుగురు చట్టం గుమ్మం బయటే ఉన్నారు. ఈ పరిస్థితిలో 2024 అక్టోబరులో నియమాలు సవరించి, సర్టిఫికెట్ ఇవ్వడానికి వైద్యాధికారులకి ఉన్న గడువుని ఒక నెల నుంచి మూడు నెలలకి పెంచారు. వరుస పొడుగ్గా ఉంటే కౌంటర్లు పెంచాలి. మనం ఎదురుచూసే కాలాన్ని పెంచాం.

మూడు మాటలు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సంరక్షకుల గురించి మన చట్టానికి తెలియదా? బాగా తెలుసు. 2016 చట్టం రెండో సెక్షన్‌లోనే ‘కేర్ గివర్’కి నిర్వచనం ఉంది. జీతం తీసుకుని గానీ, తీసుకోకుండా గానీ సంరక్షణ అందించే ఎవరైనా, తల్లిదండ్రులూ కుటుంబ సభ్యులతో సహా. అంటే మా అమ్మ పార్లమెంటు చేసిన చట్టంలో ఉంది. 24వ సెక్షన్‌లో, ఎక్కువ తోడ్పాటు అవసరమైన దివ్యాంగులకి సంరక్షణ భత్యం అన్న మాట కూడా ఉంది. ఆ తోడ్పాటు కావాలని దరఖాస్తు చేసుకుంటే ఒక బోర్డు అంచనా వెయ్యాలని 38వ సెక్షన్ చెబుతోంది.

మరి ఆ భత్యం దేశమంతటా ఎందుకు రావడం లేదు? 24వ సెక్షన్ మొదటి వాక్యం చదవండి. ప్రభుత్వం తన ‘ఆర్థిక సామర్థ్యం, అభివృద్ధి పరిమితి మేరకు’ పథకాలు రూపొందించాలి. ఈ మాట ఎక్కడో విన్నట్టుంది కదూ? పాలిటీ చదివినవాళ్ళకి వెంటనే గుర్తుకొస్తుంది. రాజ్యాంగం 41వ అధికరణ. నిరుద్యోగం, వృద్ధాప్యం, అనారోగ్యం, వైకల్యం ఉన్నప్పుడు ప్రభుత్వ సహాయం పొందే హక్కు, రాజ్యం తన ఆర్థిక సామర్థ్యం, అభివృద్ధి పరిమితుల్లో కల్పించాలి అంటుంది. అది ఆదేశిక సూత్రం. కోర్టులో అమలు చేయించుకోలేం.

అంటే ఏం జరిగింది? 1950లో పేద దేశం పెట్టుకున్న షరతుని 66 ఏళ్ళ తర్వాత తెచ్చి, హక్కుల చట్టం అని పేరు పెట్టుకున్న చట్టంలో పెట్టారు. చట్టం పేరులో హక్కు ఉంది, సెక్షన్‌లో ఆదేశిక సూత్రం ఉంది. ఇక రాష్ట్ర జాబితాలో 9వ అంశం చూడండి: వికలాంగులకీ పని చేయలేనివారికీ సహాయం. అంతర్జాతీయ ఒప్పందం పేరుతో కేంద్రం చట్టం చేస్తుంది, ఖర్చు రాష్ట్రాల మీదకి నెడుతుంది. రాష్ట్రం తన సామర్థ్యం ఇంతే అంటుంది. ఇద్దరి మధ్యా తల్లి నిలబడి ఉంటుంది. ఆమె ఆర్థిక సామర్థ్యం ఎంతో ఏ సెక్షనూ అడగలేదు.

సంస్కరణలు ఎవరి గుమ్మం దాకా వచ్చాయి?

సంరక్షకుల కోసం ఏమీ చేయలేదంటే అన్యాయం అవుతుంది. చేశారు. వరసగా చూడండి.

శిశు సంరక్షణ సెలవు: కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకి మొత్తం సర్వీసులో 730 రోజులు. వైకల్యం ఉన్న బిడ్డ విషయంలో 22 ఏళ్ళ వయోపరిమితిని 2018లో తీసేశారు. ఒంటరి తండ్రులకీ ఇచ్చారు. 2024 ఏప్రిల్‌లో హిమాచల్ ప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు, దివ్యాంగ బిడ్డ ఉన్న తల్లికి ఈ సెలవు నిరాకరించడం మహిళలకి ఉద్యోగంలో సమాన భాగస్వామ్యం కల్పించే రాజ్యాంగ బాధ్యతకి విరుద్ధమని చెప్పింది.

కుటుంబ పింఛను: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి మరణించాక దివ్యాంగ సంతానానికి పింఛను రావడానికి ఉన్న ఆదాయ పరిమితిని 2021లో సడలించారు.

ఆదాయపన్ను: 80డీడీ కింద 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000 మినహాయింపు. దీనికోసం కట్టిన బీమా పథకం నుంచి తల్లిదండ్రులు బతికుండగానే, వారికి 60 ఏళ్ళు నిండాక బిడ్డకి డబ్బు అందేలా 2022 బడ్జెట్‌లో మార్చారు.

మూడూ మంచి మార్పులే. కానీ ఈ మూడింటికీ ఉన్న పోలిక గమనించండి. మొదటిది కావాలంటే ప్రభుత్వ ఉద్యోగం ఉండాలి. రెండోదానికీ అంతే. మూడోది కావాలంటే పన్ను కట్టేంత ఆదాయం ఉండాలి. మన దేశంలో పనిచేసే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది అసంఘటిత రంగంలో ఉన్నారు. బీడీలు చుట్టే తల్లికి, మిరపకాయలు కోసే తల్లికి, జిన్నింగ్ మిల్లు మానేసిన మా అమ్మకి ఇందులో ఏదీ రాదు. బాధ్యత అందరికీ సమానం, సాయం మాత్రం జీతం స్లిప్పు ఉన్నవారికే.

చదువు విషయంలోనూ ఇదే కథ. తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకి ఇంటి దగ్గరే విద్య అనే వెసులుబాటుని 2012 సవరణతో విద్యాహక్కు చట్టంలో చేర్చారు. ఇంటి దగ్గర విద్య అంటే ఆచరణలో తల్లే టీచరు. బడిలో ప్రత్యేక టీచర్లు ప్రాథమిక స్థాయిలో 10 మందికి ఒకరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. 2025 మార్చిలో అదే కోర్టు, పోస్టులు నోటిఫై చెయ్యండని రాష్ట్రాలకి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఆ మూడున్నరేళ్ళూ ఖాళీ కుర్చీలో కూర్చున్నది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఎదురు వాదనలు

“తల్లి ప్రేమకి వెల కడతారా? మన సంస్కృతిలో కుటుంబమే చూసుకుంటుంది.” మాక్ ఇంటర్వ్యూలో నాకు ఎదురైన మాట ఇది. కుటుంబం అంటే ఎవరు? 2019 కాల వినియోగ సర్వేలో, ఇంట్లోవారి సంరక్షణ పనులు చేసిన ఆడవాళ్ళు అందులో రోజుకి సగటున 134 నిమిషాలు గడిపారు, మగవాళ్ళు 76. ‘కుటుంబం’ అనే మాటని విప్పితే లోపల ఒక ఆడమనిషి కనిపిస్తుంది. ఇది మన సంస్కృతికే ప్రత్యేకం కూడా కాదు. బ్రిటన్‌లో 1976లో సంరక్షకులకి భత్యం మొదలుపెట్టినప్పుడు పెళ్ళైన ఆడవాళ్ళకి ఇవ్వలేదు. వాళ్ళు ఎలాగూ ఇంట్లోనే ఉంటారు కదా అని. ఒక మహిళ యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళితే 1986లో ఆ షరతు పోయింది. సంస్కృతి అని మనం పిలిచేది ఖజానాకి మిగులు అని వాళ్ళకి పదేళ్ళలో తెలిసింది.

“డబ్బు ఎక్కడుంది?” లెక్క వేద్దాం. 2011 జనాభా లెక్కల్లో మేధో వైకల్యం ఉన్నవారు సుమారు 15 లక్షలు. అందరికీ ఎక్కువ తోడ్పాటు అక్కర్లేదు. అయినా అందరికీ నెలకి 3,000 చొప్పున సంరక్షణ భత్యం ఇచ్చారనుకోండి. ఏడాదికి 5,400 కోట్లు. 2025-26 కేంద్ర బడ్జెట్ 50.65 లక్షల కోట్లు. వెయ్యి రూపాయల్లో ఒక రూపాయి కంటే కాస్త ఎక్కువ. లెక్కల్లోకి రానివారిని కలిపి రెట్టింపు చేసినా, రెండు రూపాయలు దాటి కాస్త. ఇతర తీవ్ర వైకల్యాలు చేరిస్తే ఇంకా పెరుగుతుంది, నిజమే. కానీ ‘సామర్థ్యం లేదు’ అన్న మాటకీ ‘ప్రాధాన్యం లేదు’ అన్న మాటకీ తేడా ఇక్కడ తెలిసిపోతుంది. కేరళ ‘ఆశ్వాసకిరణం’ పేరుతో ఇలాంటివారిని చూసుకునేవారికి నెలకి 600 రూపాయల సాయం పెట్టింది. మొత్తం చిన్నదే. కానీ సంరక్షకుణ్ణి లబ్ధిదారుగా గుర్తించి ఖాతాలో డబ్బు వెయ్యడం మన దేశంలో సాధ్యమేనని రుజువైంది.

“సంరక్షకుల పేరుతో దివ్యాంగుల గొంతు నొక్కేస్తారు.” ఇది మాత్రం బరువైన వాదన. హక్కుల ఉద్యమం నుంచి వచ్చింది. చూసుకునేవారి ఇష్టమూ, ఆ మనిషి ఇష్టమూ ఎప్పుడూ ఒకటే కాదు. చండీగఢ్‌లో ప్రభుత్వ సంరక్షణలో ఉన్న, స్వల్ప మేధో వైకల్యం ఉన్న యువతికి గర్భస్రావం చేయించమని హైకోర్టు ఆదేశిస్తే, 2009లో సుప్రీంకోర్టు ఆపింది. బిడ్డని కనాలన్నది ఆమె కోరిక అని గుర్తించింది. అన్నయ్య విషయంలోనూ మేం తప్పులు చేశాం. కొట్టుకి ఒంటరిగా పంపించడానికి అమ్మ ఏళ్ళ తరబడి ఒప్పుకోలేదు. ఒప్పుకున్న రోజు వాడి మొహం చూడాల్సింది.

కానీ ఈ వాదనకి జవాబు కూడా చట్టంలోనే ఉంది. 24వ సెక్షన్ ఆ భత్యాన్ని ఇవ్వమన్నది దివ్యాంగుడికి. తనకి ఎవరి తోడు కావాలో ఎంచుకునే బలం ఆ డబ్బు వాడికి ఇస్తుంది. ఇరవై నాలుగ్గంటలూ ఒక్కతే చూసుకునే తల్లి అలిసిపోయి గడియ పెడుతుంది. ఆమెకి వారంలో ఒక రోజు సాయం దొరికితే గడియ తీసే ఓపిక వస్తుంది. సంరక్షకురాలి విశ్రాంతి కూడా ఆ మనిషి స్వేచ్ఛలో భాగమే.

నేను పోయాక?

అమ్మ ప్రశ్నకి వద్దాం. నేషనల్ ట్రస్ట్ చట్టం 1999లో వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం. దాని లక్ష్యాల జాబితా చదువుతూ ఒక చోట ఆగిపోయాను. తల్లిదండ్రులు లేదా సంరక్షకులు మరణించినప్పుడు దివ్యాంగుల సంరక్షణకీ రక్షణకీ చర్యలు తీసుకోవడం. అమ్మ అడిగిన ప్రశ్న అక్షరాలా అక్కడ ఉంది. నేను అ ఆలు దిద్దుతున్న రోజుల్లోనే రాసిపెట్టారు.

ఆ చట్టం ట్రస్టుకి 100 కోట్ల మూలనిధి ఇచ్చింది. నిరామయ పేరుతో లక్ష రూపాయల ఆరోగ్య బీమా, సంరక్షకులకి విరామం ఇచ్చే ‘సమర్థ్’, పెద్దవారికి నివాసంగా ‘ఘరౌందా’ వచ్చాయి. తర్వాత ఆ చివరి రెంటినీ కలిపేశారు. పేర్లన్నీ మన నోట్స్‌లో ఉన్నాయి. కానీ ఇవి నడిచేది రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థల ద్వారా. మన ఊళ్ళో సంస్థ ఉంటే పథకం ఉంటుంది, లేకపోతే ఉండదు. మా మండలంలో లేదు.

సంరక్షకత్వం సంగతి ఇంకో చిక్కు. 18 నిండగానే చట్టం దృష్టిలో తల్లిదండ్రులు సహజ సంరక్షకులు కారు. బ్యాంకులో సంతకం కోసం, ఆస్తి కోసం 1999 చట్టం కింద స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. 2016 చట్టం 14వ సెక్షన్ మాత్రం ఇకపై ఏ సంరక్షకుడైనా పరిమిత సంరక్షకుడే, ఆ మనిషి ఇష్టం ప్రకారమే నిర్ణయాలు అంటుంది. రెండూ అమల్లో ఉన్నాయి. ఏది ఎక్కడ వర్తిస్తుందో ఏడో తరగతి చదివిన తల్లి కౌంటర్ దగ్గర తేల్చుకోవాలి. ఒక కార్యాలయంలో మా అమ్మని “ముందు గార్డియన్ సర్టిఫికెట్ తెండి” అన్నారు. ఇంకో చోట “అది ఇక్కడ కాదు” అన్నారు. ఆ రెండు మాటల మధ్య ఆమె ఆటోలకి పెట్టిన డబ్బు నాకు తెలుసు.

ఇక్కడ మిత్రులకి ఒక విషయం. ఆ స్థానిక స్థాయి కమిటీలో ముగ్గురుంటారు: జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి, ఒక సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగుడు. మనం ఏ కుర్చీ కోసం రాత్రింబవళ్ళు చదువుతున్నామో ఆ కుర్చీ దగ్గరకే ఈ ఫైలు వస్తుంది. ఆ సమావేశం మూడు నెలలు వాయిదా వేస్తే ఏమవుతుందో ఇప్పుడు మీకు తెలుసు.

ఏం చెయ్యాలి

ఒకటి, 24వ సెక్షన్‌లో సంరక్షణ భత్యానికి ‘ఆర్థిక సామర్థ్యం మేరకు’ అన్న షరతు తీసెయ్యాలి. ఉపాధి హామీ చట్టం పనిని ఒకప్పుడు ఎలా చట్టబద్ధ హక్కు చేసిందో, ఇదీ అలా కావాలి. ఖర్చులో కేంద్రం, రాష్ట్రాల వాటా చట్టంలోనే రాయాలి.

రెండు, కేంద్ర పింఛనుకి 80 శాతం గీత చెరిపెయ్యాలి. 2016 చట్టం ప్రయోజనాలకి కొలమానంగా పెట్టుకున్న 40 శాతమే ఇక్కడా వర్తించాలి. 300ని ధరల సూచీకి ముడిపెట్టాలి.

మూడు, మండలానికి ఒక పగటి సంరక్షణ కేంద్రం. సంస్థ దొరికితేనే అన్న షరతు లేకుండా, అంగన్‌వాడీలాగా ప్రభుత్వమే నడపాలి. అక్కడ జీతం తీసుకుని పనిచేసేవారిలో మా అమ్మలాంటివాళ్ళు కూడా ఉండొచ్చు. వాళ్ళకున్న అనుభవం ఏ డిప్లొమాలోనూ రాదు.

నాలుగు, తల్లిదండ్రులు పోయాక ఉండటానికి తన ఊరికి దగ్గరలో చిన్న ఇళ్ళు. పెద్ద గోడల ఆశ్రమాలు వద్దు. 2001లో తమిళనాడులోని ఎర్వాడిలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు పారిపోలేక చనిపోయారు. మొత్తం 28 మంది. చూసేవారు లేని మనుషుల్ని ఒకచోట పోగేసి తలుపు వేస్తే ఏమవుతుందో దేశం ఒకసారి చూసింది. చాలు.

మళ్ళీ ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మకి చెప్పాను. “రాసుందమ్మా. నువ్వు అడిగింది 1999లోనే రాశారు.”

అన్నయ్య చొక్కాకి గుండీ కుడుతోంది. తల ఎత్తకుండా అడిగింది.

“ఎవరు చూస్తారని రాశారు?”

పేరు రాయలేదు. ఆ ఖాళీలో ఇన్నాళ్ళూ ప్రతి ప్రభుత్వమూ మనసులో రాసుకున్న పేరు అమ్మదే. ఆమె తర్వాత నాది. నేను చూసుకుంటాను, అందులో సందేహం లేదు. కానీ నా అన్నయ్య బతుకు నా అత్తగారి మంచితనం మీద ఆధారపడితే దాన్ని హక్కు అనరు.

సాధన ప్రశ్న (250 పదాలు, 15 మార్కులు): “2016 దివ్యాంగుల హక్కుల చట్టం హక్కుని వ్యక్తికి ఇచ్చి, బాధ్యతని కుటుంబానికి వదిలేసింది.” 24వ సెక్షన్‌నీ, 41వ అధికరణనీ పోలుస్తూ విమర్శనాత్మకంగా చర్చించండి. జవాబు రాసేముందు మీ వీధిలో ఇలాంటి ఇల్లు ఒకటి ఉంటుంది, ఒకసారి వెళ్ళి ఆ తల్లితో పది నిమిషాలు మాట్లాడి రండి. నోట్స్ తర్వాత రాసుకోవచ్చు.